కాగితం మీది నగలు: యూరప్ ముద్రణ చిత్రాల్లో ఆభరణాల రూపకల్పన



ఇంట్లో ఒక పాత నగ ఉంటే దాని గతి ఏమవుతుందో మీకు తెలుసు. అమ్మమ్మ మెడలోని కాసులపేరు కొన్నాళ్లకు అమ్మ మెడలో గొలుసవుతుంది. ఆ గొలుసుకు మరో రెండు తులాలు చేర్చితే కూతురి పెళ్లికి నెక్లెసవుతుంది. "పాతది చెరిపి చేయించాం" అని చెప్పుకుంటాం. బంగారం ఎక్కడికీ పోలేదు, ఇంట్లోనే ఉంది కదా అని తృప్తి పడతాం. నిజమే, బంగారం పోలేదు. పోయింది ఆకారం. అమ్మమ్మ కాసులపేరు ఎలా ఉండేదో చెప్పమంటే ఇంట్లో ఎవరూ చెప్పలేరు.

ఇది మన దేశానికే పరిమితమైన అలవాటు కాదు. యూరప్ రాజుల ఇళ్లలోనూ ఇదే జరిగింది. ఇంగ్లండులో 1649లో మొదటి చార్లెస్ రాజుకు మరణశిక్ష వేశాక, పార్లమెంటు రాజకిరీటాలను విరగ్గొట్టించింది. బంగారం టంకశాలకు వెళ్లింది, రాళ్లను విడివిడిగా అమ్మేశారు. 1661లో రెండో చార్లెస్ పట్టాభిషేకానికి అన్నీ కొత్తగా చేయించుకోవలసి వచ్చింది. ఫ్రాన్సులో 1689లో పధ్నాలుగో లూయీ యుద్ధఖర్చుల కోసం వెర్సాయ్ రాజభవనంలోని వెండి బల్లలు, దీపస్తంభాలు కరిగించి నాణేలు పోయించాడు. రాజుల సంగతే ఇలా ఉంటే వర్తకుల ఇళ్లలోని పతకాలు, కమ్మలు, ఉంగరాల సంగతి చెప్పేదేముంది? ఫ్యాషన్ మారినా, అప్పు మీదపడినా, ఆస్తి పంపకాలకొచ్చినా నగ మూసలోకి వెళ్లవలసిందే.

మరి 16, 17 శతాబ్దాల యూరప్ నగలు ఎలా ఉండేవో ఇవాళ మనకు ఎలా తెలుస్తోంది? ఆధారాలు కొన్నే. చిత్రకారులు వేసిన రాజుల, రాణుల చిత్రపటాలు ఒకటి. భూమిలో దాచిపెట్టి మరచిపోయిన నిక్షేపాలు ఒకటి. లండన్‌లో చీప్‌సైడ్ అనే వీధిలో 1912లో ఒక పాత కట్టడాన్ని కూల్చుతున్న కూలీలకు నేలకింద సుమారు 500 నగలు, రాళ్లు దొరికాయి. 17వ శతాబ్దం మధ్యలో ఎవరో కంసాలి పాతిపెట్టిన సరుకు అది. తిరిగి తీసుకోవడానికి ఆయన రాలేదు. రాలేదు కాబట్టే అవి కరగకుండా మిగిలాయి. ఇలాంటి అదృష్టం చరిత్రకారుడికి అరుదుగా పడుతుంది.

మూడో ఆధారం ముద్రణ చిత్రాలు. ఈ పాఠం వాటి గురించే.

ముందుగా ముద్రణ చిత్రమంటే ఏమిటో చూద్దాం. నున్నగా మెరుగుపెట్టిన రాగి రేకు ఒకటి తీసుకుంటారు. 'బ్యూరిన్' అనే చిన్న ఉక్కు పనిముట్టుతో దాని మీద బొమ్మ చెక్కుతారు. బ్యూరిన్ మొన పలకలుగా, పదునుగా ఉంటుంది. పిడిని అరచేతి గుంటలో ఆనించి ముందుకు తోస్తే రాగిలో సన్నని గాడి పడుతుంది. రేకంతా సిరా పూసి, పైన అంటినది తుడిచేస్తే గాడుల్లోది మాత్రం మిగులుతుంది. తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే ఆ సిరా కాగితానికి అంటుకుంటుంది. ఒక రేకు మీద వందల ప్రతులు తీయవచ్చు. గాడులు అరిగాక బొమ్మ పాలిపోతుంది. అప్పుడు గాడుల్ని మళ్లీ లోతుచేసి మరికొన్ని ప్రతులు తీసేవారు.

ఈ విద్యను చిత్రకారులు కనిపెట్టారని అనుకోవద్దు. లోహం మీద గీతలు చెక్కడం కంసాలి పని. వెండి గిన్నె అంచున లత, ఉంగరం మీద పేరు, కత్తి పిడి మీద గుర్తు చెక్కే చేతులే 15వ శతాబ్దంలో జర్మనీలో రాగిరేకు మీదకు మళ్లాయి. ఇటలీలో ఈ కళను ఫ్లోరెన్స్ స్వర్ణకారుడు మాసో ఫినిగెర్రా కనిపెట్టాడని వసారి అనే రచయిత 16వ శతాబ్దంలో రాశాడు. జర్మనీలో అంతకు ముందే ఇలాంటి ముద్రణలు ఉన్నాయి కాబట్టి నేటి పండితులు ఆ మాట ఒప్పుకోరు. అయినా ఆ కథలో ఒక సత్యముంది. కనిపెట్టినవాడు ఎవరని అడిగితే అందరికీ మొదట స్ఫురించింది కంసాలే.

కొల్మార్ పట్టణానికి చెందిన మార్టిన్ షోన్‌గావర్ కంసాలి కొడుకు. ఆయన చెక్కిన ధూపపాత్ర చిత్రం చూస్తే గొలుసు లంకెలతో సహా ఒక లోహపు పనివాడి కన్ను కనిపిస్తుంది. ఆల్బ్రెక్ట్ డ్యూరర్ పేరు మీరు చరిత్ర పుస్తకాల్లో చదివే ఉంటారు. ఆయన 1471లో న్యూరెంబర్గ్‌లో పుట్టాడు. తండ్రి హంగేరీ నుంచి వలస వచ్చిన స్వర్ణకారుడు. డ్యూరర్ మొదట తండ్రి దుకాణంలోనే పని నేర్చుకుని, 1486లో చిత్రకారుడి దగ్గర శిష్యుడిగా చేరాడు. ఆయన చెక్కిన గీతలో అంత నిలకడ ఎక్కడి నుంచి వచ్చిందంటే ఆ కుంపటి దగ్గరి నుంచే అని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కంసాలికి నగ చేయడం వచ్చు. మరి దాని బొమ్మ కాగితం మీద అచ్చువేయడం ఎందుకు?

గీసిన బొమ్మకూ, అచ్చువేసిన బొమ్మకూ తేడా గమనించండి. హన్స్ హోల్బైన్ అనే చిత్రకారుడు ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఆస్థానంలో ఉన్నప్పుడు నగల నమూనాలెన్నో కలంతో గీశాడు. అవి నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చాలా అందమైనవి. కానీ ఒక్కొక్కటి ఒక్కటే ప్రతి, దానిని చూసేవాళ్లు రాజు, రాణి, ఆ నగ చేయవలసిన కంసాలి, అంతే. అచ్చువేసిన బొమ్మ అలాంటిది కాదు. అంగట్లో కొనుక్కోవచ్చు. న్యూరెంబర్గ్‌లో అచ్చయిన కాగితం కొన్ని నెలల్లో లిస్బన్‌లోనో, ప్రాగ్‌లోనో ఒక దుకాణం గోడకు వేలాడవచ్చు. దానిని చెక్కినవాడికి అది అమ్ముడుపోయే సరుకు, తన పేరు నలుగురికీ తెలియజెప్పే ప్రకటన కూడా. కొన్నవాడికి అది నమూనాల పుస్తకం. మన ఊళ్లలో కంసాలి దగ్గరికి వెళితే ఆయన బొమ్మల పుస్తకం తీసి "వీటిలో ఏది కావాలో చూడండమ్మా" అంటాడు కదా, అలాగే అన్నమాట.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. ఆ రోజుల్లో పని రహస్యాలు దుకాణం గడప దాటేవి కావు. ప్రతి నగరంలోనూ స్వర్ణకారుల సంఘం ఉండేది. ఎవరు దుకాణం పెట్టవచ్చో, ఎంతమంది శిష్యుల్ని పెట్టుకోవచ్చో సంఘమే నిర్ణయించేది. న్యూరెంబర్గ్‌లో స్వతంత్రంగా పనిచేయాలంటే మూడు వస్తువులు చేసి పెద్దలకు చూపాలి: ఒక ప్రత్యేకమైన పూవు ఆకారంలో వెండి పాత్ర, రాయి పొదిగిన బంగారు ఉంగరం, చెక్కిన ముద్ర. ఇంత కట్టుదిట్టమైన లోకంలో, తన దగ్గరున్న కొత్త ఆలోచనను కాగితం మీద అచ్చేసి అణా బేడాకు అమ్మడమంటే తన తాళం చెవిని బజారులో పెట్టడమే. అయినా పెట్టారు. ఆకారం తెలిసినంత మాత్రాన చేయి రాదని వాళ్లకు తెలుసు. కాగితం ఆకారాన్ని మాత్రమే చెబుతుంది. కుంపటి ఎప్పుడు ఊదాలో, ఎప్పుడు ఆపాలో చెప్పదు.

న్యూరెంబర్గ్‌లో వర్జిల్ సోలిస్ అనే ఆయన పతకాల నమూనాలెన్నో అచ్చువేశాడు. 1562లో అదే నగరం నుంచి ఎరాస్మస్ హోర్నిక్ అనే స్వర్ణకారుడు నగల నమూనాల వరుస ఒకటి వెలువరించాడు. హోర్నిక్ సొంత ఊరు ఆంట్‌వెర్ప్, అంటే నేటి బెల్జియం. తర్వాత ఆయన ప్రాగ్‌లో రెండో రుడోల్ఫ్ చక్రవర్తి కొలువులో చేరాడు. ఆంట్‌వెర్ప్‌లో పుట్టి, న్యూరెంబర్గ్‌లో అచ్చువేసి, ప్రాగ్‌లో చనిపోయిన ఈ మనిషి జీవితం చూస్తే నగల ఫ్యాషన్ దేశాల హద్దులను ఎలా దాటిందో అర్థమవుతుంది.

ఈ కోవలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి హన్స్ కొల్లార్ట్ గీసిన పతకాలు. 1581లో ఆంట్‌వెర్ప్‌లో ఫిలిప్స్ గాలే అనే ప్రచురణకర్త వాటిని వెలువరించాడు. పుస్తకానికి లాటిన్‌లో పొడుగాటి పేరు పెట్టారు. హారాలకు, పతకాలకు, కమ్మలకు కళాత్మక నమూనాలని దాని భావం. కొల్లార్ట్ పతకాల్లో సముద్రజీవులు కనిపిస్తాయి. పొలుసుల తోక మెలితిప్పి, నోరు తెరచిన ఒక వింత జంతువు. దాని వీపు మీద దేవుడో, దేవతో స్వారీ చేస్తుంటారు. జంతువు ఒంటి నిండా రాళ్లు పొదిగే గూళ్లు. కింద మూడు ముత్యాలు వేలాడుతుంటాయి. పైన రెండు సన్నని గొలుసులు ఒక బిళ్ల దగ్గర కలుస్తాయి. వెనకాల చిన్నగా సముద్రతీరం, ఓడలు, కొండలు కూడా కొన్ని చిత్రాల్లో గీశాడు. నగకు సముద్రతీరం అక్కర లేదు. అయినా ఆ పతకం కాగితం మీద ఒక కథలాగా కనిపించాలని ఆయన కోరిక కాబోలు.

ఆంట్‌వెర్ప్ అప్పుడు ప్రపంచ వ్యాపారానికి పెద్ద రేవు. సముద్రం మీద బతికే ఊరివాళ్లు సముద్రపు మృగాన్ని మెడలో వేసుకోవాలనుకోవడంలో వింతేముంది? అయితే ఆ రోజులు ప్రశాంతమైనవి కావు. 1576లో జీతాలందని స్పెయిన్ సైనికులు ఆ నగరాన్ని దోచి తగలబెట్టారు. 1585లో నగరం మళ్లీ స్పెయిన్ వశమైంది. ప్రొటెస్టెంటు మతస్థులైన పనివాళ్లు వేల సంఖ్యలో ఉత్తరానికి వలసపోయారు. నమూనాల కాగితాలు మూటల్లో ఇమిడే సరుకు. పనివాళ్లతోపాటు అవీ ప్రయాణించాయి.

మరి కొల్లార్ట్ గీసినట్టే అచ్చంగా ఉన్న పతకం ఏ మ్యూజియంలోనైనా ఉందా? ఉండాలని మీకు అనిపిస్తుంది. కానీ ఏ నమూనా చిత్రానికైనా అచ్చుగుద్దినట్టు సరిపోయే ఆ కాలపు నగ దొరకడం చాలా అరుదు. దీనికి కారణం నగలు కరిగిపోవడం ఒక్కటే కాదు. కంసాలి నమూనాను ఉన్నదున్నట్టు దించుకునేవాడు కాదు. ఒక కాగితం నుంచి తోక, మరో దాని నుంచి పూవు, మూడో దాని నుంచి వేలాడే ముత్యాల అమరిక తీసుకుని, చేతిలో ఉన్న రాళ్లకు తగ్గట్టు కలిపేవాడు. చెక్కినవాళ్లకూ ఈ సంగతి తెలుసు. కొన్ని నమూనాల్లో ఎడమ సగం ఒక రకంగా, కుడి సగం ఇంకో రకంగా ఉంటుంది. అది పొరపాటు కాదు. ఒకే చిత్రంలో రెండు ఎంపికలు ఇస్తున్నాడు. ఎడమవైపు నచ్చితే దానినే అద్దంలో చూసినట్టు కుడివైపుకూ తిప్పుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. నమూనాకు మరీ బాగా సరిపోయే నగ కనిపిస్తే పండితులు సంతోషించరు, అనుమానిస్తారు. 19వ శతాబ్దంలో పాత నగలకు సంపన్నుల దగ్గర గొప్ప గిరాకీ వచ్చింది. జర్మనీలోని ఆఖెన్ పట్టణంలో రైన్‌హోల్డ్ వాస్టర్స్ అనే స్వర్ణకారుడు ఉండేవాడు. 1827లో పుట్టి 1909లో చనిపోయాడు. ఆయన చేతిపని అసామాన్యమైనది. ఆయన గీసుకున్న వెయ్యికి పైగా బొమ్మలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చేరి, చాలాకాలం ఎవరి దృష్టికీ రాకుండా ఉండిపోయాయి. 1979లో ఛార్లెస్ ట్రూమన్ అనే పరిశోధకుడు వాటి ప్రాముఖ్యాన్ని బయటపెట్టాడు. 16వ శతాబ్దపు కళాఖండాలని పెద్ద మ్యూజియాలు గర్వంగా ప్రదర్శిస్తున్న కొన్ని వస్తువులకు తయారీ బొమ్మలు ఆ కాగితాల్లో ఉన్నాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తాబేలు మోస్తున్న ఒక బంగారు గిన్నె ఉంది. చాలాకాలం దానిని ఇటలీ మహాశిల్పి చెల్లీని చేసిందనుకున్నారు. ఇప్పుడది వాస్టర్స్ పనితనమని భావిస్తున్నారు. అంటే లోహం చెప్పిన అబద్ధాన్ని కాగితం పట్టిచ్చిందన్నమాట.

ఇప్పటివరకు నగల గురించి చెప్పుకున్నాం. వాటిని చేసిన మనుషులెలా ఉండేవారో కూడా ముద్రణ చిత్రాలే చూపిస్తాయి. ఎటియెన్ డెలోన్ అనే ఫ్రెంచి కళాకారుడు కొన్నాళ్లు పారిస్ రాజ టంకశాలలో పతకాలు చెక్కాడు. 1572 ఆగస్టులో పారిస్‌లో ప్రొటెస్టెంట్ల మారణహోమం జరిగింది. ఆయన ఆ మతస్థుడే కాబట్టి పారిపోయి స్ట్రాస్‌బర్గ్ చేరాడు. తర్వాత జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉన్నప్పుడు, 1576లో స్వర్ణకారుల దుకాణాన్ని చూపే రెండు చిత్రాలు చెక్కాడు. రెండూ అరచేతిలో ఇమిడేంత చిన్నవి.

వాటిలో ఒకదానిని నిదానంగా చూడండి. కిటికీ పక్కనే పనిబల్ల. వెలుతురు కోసం పనివాళ్లు దాని చుట్టూ కూర్చున్నారు. ప్రతి ఒక్కరి ఒళ్లోకీ బల్ల అంచు నుంచి ఒక తోలు పరచి ఉంది. ఎందుకో ఊహించగలరా? ఆకురాయితో రాసేటప్పుడు రాలే బంగారు రజను కింద పడిపోకుండా. సాయంత్రానికి ఆ తోలు దులిపి రజను పోగుచేసుకుంటారు. మన కంసాలి దుకాణం ఊడ్చిన మట్టిని కూడా పారేయడు, అమ్ముతాడు. ఆ లెక్క ఎక్కడైనా ఒకటే. గోడకు పటకార్లు, సుత్తులు, ఆకురాళ్లు వరుసలుగా తగిలించి ఉన్నాయి. ఒక పక్క కొలిమి. మరో పక్క ఒకడు బలమంతా పెట్టి తీగ లాగుతున్నాడు. కమ్మచ్చు చిల్లుల్లో నుంచి లాగి బంగారు తీగను సన్నబరిచే ఆ పని మీకు కొత్తది కాదు. "కమ్మచ్చున తీసినట్టు" అనే మన మాట పుట్టింది అలాంటి పనిలో నుంచే.

డెలోన్ ఈ చిత్రాన్ని ఎందుకు చెక్కాడో ఆయన రాసిపెట్టలేదు. నాకు అనిపించేది ఇది. ఆయన యాభై ఏళ్లు దాటిన వయసులో ఉన్న ఊరు వదిలి వచ్చాడు. పరాయి భాష, పరాయి నగరం. కానీ దుకాణంలోకి అడుగుపెడితే బల్ల అదే, కొలిమి అదే, తోలు అదే. అందుకే ఒక్క పనిముట్టును కూడా వదలకుండా చెక్కినట్టుంది.

ఆగ్స్‌బర్గ్‌లోనే 1590 దశకంలో డానియెల్ మిన్యో అనే ఆయన పతకాల, తురాయిల నమూనాలు వెలువరించాడు. తురాయి అంటే తలపాగా మీదో, జుట్టులోనో గుచ్చుకునేది. ఆయన చిత్రాల్లో ప్రధానమైన నగ చుట్టూ ఖాళీ స్థలంలో చిన్నచిన్న విడి నమూనాలు చల్లినట్టు ఉంటాయి. అవి మసిబొమ్మల్లా నల్లగా ఉంటాయి. ఇదొక ప్రత్యేకమైన పద్ధతి. సుమారు 1585 నుంచి 1635 వరకు యూరప్ అంతటా ఈ నల్ల నమూనాల జోరు సాగింది. అవి ఎందుకంత నల్లగా ఉన్నాయో తెలియాలంటే మీనా పని తెలియాలి.

మీనా అంటే రంగుగాజు. గాజును మెత్తగా పొడిచేసి, బంగారంలో తొలిచిన గుంటల్లో నింపి, కొలిమిలో పెడితే అది కరిగి లోహానికి అతుక్కుంటుంది. చల్లారాక సానపెడితే గాజు, బంగారం ఒకే మట్టంలో మెరుస్తాయి. జైపూర్ మీనాకారీ కూడా ఈ సూత్రం మీదనే నడుస్తుంది. నల్ల నమూనా ఈ పనికి నేరుగా ఉపయోగపడే పటం. కాగితం మీద నలుపు ఉన్నచోట తొలిచి గాజు నింపు, తెలుపు ఉన్నచోట బంగారాన్ని వదులు. కావాలంటే తారుమారు చేసుకో. నీడలు, వెలుతురులు, ముత్యాల నునుపు ఇవేవీ ఆ నమూనాలో ఉండవు. చూడడానికి కొల్లార్ట్ చిత్రమంత బాగుండదు, పనివాడికి మాత్రం దానికన్నా ఎక్కువ చెబుతుంది.

ఫ్రాన్సులో షాతోదఁ అనే చిన్న పట్టణంలో జాఁ తూతాఁ అనే స్వర్ణకారుడు 1619లో ఇలాంటి నమూనాల వరుస వెలువరించాడు. వాటిలో కొన్నింటి అడుగున చిన్న మనుషుల్ని కూడా చెక్కాడు. ఒకడు కొలిమి ముందు నిలబడి ఉంటాడు. తర్వాత 1630 ప్రాంతంలో తూతాఁ మరో అడుగు వేశాడు. గుంటలు తొలిచే అవసరం లేకుండా, ఒకే రంగు మీనా పూసిన నేల మీద కుంచెతో రంగురంగుల మీనాతో బొమ్మ వేసి కాల్చే పద్ధతి ఆయన పేరుతో ముడిపడి ఉంది. దీనితో గడియారాల మూతల మీద పూలు, మనుషులు, కథలు వచ్చాయి. నల్ల నమూనాలకు కాలం చెల్లింది. కాయలోంచి గింజలు కనిపించే బఠానీ ఆకారం మీద కొన్నాళ్లు మోజు నడిచింది. ఫ్రెంచివాళ్లు ఆ శైలిని 'బఠానీ కాయ' అనే పిలిచారు. ఆ తర్వాత తులిప్‌లు, ఇతర పూలు వచ్చాయి.

1663లో పారిస్‌లో జిల్ లెగారె అనే స్వర్ణకారుడు తన నమూనాల పుస్తకం అచ్చువేశాడు. దీన్ని కొల్లార్ట్ పుస్తకం పక్కన పెట్టి చూడండి. రెంటికీ మధ్య ఎనభై ఏళ్లే. కొల్లార్ట్ పతకంలో దేవతలు, మృగాలు, మీనా రంగులదే రాజ్యం. రాయి అక్కడక్కడా కూర్చున్న చిన్న చదరం. లెగారె దగ్గరికి వచ్చేసరికి దేవతలు వెళ్లిపోయారు. రిబ్బన్ ముడులు, కమ్మలకు గుత్తులుగా వేలాడే లోలకులు, వాటి నిండా రాళ్లు. ముందువైపు రాళ్లదే. మీనా పూలు ఎక్కువగా వెనకవైపుకు, ఎవరికీ కనిపించని చోటికి జరిగాయి.

ఈ మార్పుకు కారణం కళాకారుల అభిరుచిలో మాత్రమే వెతకకూడదు. గనిలో దొరికే వజ్రం చాలాసార్లు రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్టు ఉంటుంది. 16వ శతాబ్దంలో పై కొనను అరగదీసి చదునుచేసి పొదిగేవారు. అది బల్లలాగా ఉంటుంది, వెలుగు అంతగా చిమ్మదు. ఆ కాలపు చిత్రపటాల్లో వజ్రాలు నల్లగా కనిపించడానికి కారణం ఇదే. 17వ శతాబ్దంలో వజ్రాన్ని చిన్నచిన్న త్రికోణపు ముఖాలుగా, గులాబీ మొగ్గలాగా కోయడం విస్తరించింది. దీపాల వెలుగులో ఆ రాయి మినుకుమినుకుమంటుంది. రాయే అంతగా మెరుస్తుంటే చుట్టూ దేవతల బొమ్మలెందుకు?

అంత మెరిసే రాళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఇక్కడ మన ప్రాంతం కథలోకి వస్తుంది. 1720 దశకంలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడే వరకు యూరప్ చేరిన వజ్రాలు దాదాపు అన్నీ భారతదేశానివే. అందులో గోల్కొండ రాజ్యపు గనులది పెద్ద వాటా. కృష్ణానది ఒడ్డున కొల్లూరు వాటిలో పేరుమోసినది. ఫ్రెంచి వర్తకుడు జాఁ బాప్తిస్త్ టావెర్నియర్ కొల్లూరు వచ్చి, అక్కడ ఆడ, మగ, పిల్లలు కలిసి 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ సంఖ్యలో అతిశయోక్తి ఉండవచ్చు. తవ్వినవాళ్ల పేర్లు మాత్రం ఆయన రాయలేదు, మరెవరూ రాయలేదు. పారిస్‌లో నమూనా గీసినవాడి పేరు అచ్చులో ఉంది. రాయిని మట్టిలోంచి తీసినవాడి పేరు ఎక్కడా లేదు. ఈ నగల చిత్రాలు చూసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

టావెర్నియర్ తన ఆరో ప్రయాణం ముగించుకుని 1668లో ఫ్రాన్సు చేరి, పధ్నాలుగో లూయీకి వెయ్యికి పైగా వజ్రాలు అమ్మాడు. వాటిలో సుమారు 115 క్యారట్ల నీలి వజ్రం ఒకటి. అది కొల్లూరు గనిదే అయి ఉండవచ్చునని పండితుల అభిప్రాయం. భారతీయ పద్ధతిలో, బరువు పోకుండా పైపైన సానపట్టిన రాయి అది. లూయీకి అది నచ్చలేదు. 1673లో మెరుపు కోసం మళ్లీ కోయించాడు. సుమారు 69 క్యారట్లు మిగిలింది. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1792 సెప్టెంబరులో, రాజ నిక్షేపంతోపాటు దొంగలపాలైంది. దొరకకుండా మళ్లీ కోశారు. ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో 'హోప్ వజ్రం' పేరుతో ఉన్నది ఆ ముక్కే. 45.52 క్యారట్లు.

రెండుసార్లు కోతకు గురైన రాయి మొదట ఎలా ఉండేదో రాయిని చూసి చెప్పలేం. కానీ టావెర్నియర్ 1676లో తన ప్రయాణాల పుస్తకం అచ్చువేసినప్పుడు, రాజుకు అమ్మిన వజ్రాల్లో పెద్దవాటి బొమ్మలు ఒక రాగిరేకు మీద చెక్కించి చేర్చాడు. నీలి వజ్రాన్ని ఒక వైపు నుంచి కాక వేర్వేరు వైపుల నుంచి చూపించాడు. ఈ మధ్యకాలంలో శాస్త్రజ్ఞులు కంప్యూటరు సాయంతో ఆ వజ్రపు పాత ఆకారాన్ని తిరిగి కట్టినప్పుడు ఆధారపడినది ఆ చెక్కడం మీదనే. అందులో ఒక ముఖం చదునుగా, అంచులు ఎగుడుదిగుడుగా, నది ఒడ్డున దొరికిన రాయి ఎలా ఉంటుందో అలాగే కనిపిస్తుంది.

కొల్లూరు పరిసరాలు ఇప్పుడు పులిచింతల జలాశయం నీటి కింద ఉన్నాయి. ఆ పుస్తకం ప్రతులు పెద్ద గ్రంథాలయాల్లో ఉన్నాయి. కొల్లార్ట్, డెలోన్, లెగారె చిత్రాలను విక్టోరియా అండ్ ఆల్బర్ట్, బ్రిటిష్, మెట్రోపాలిటన్ మ్యూజియాలు కంప్యూటరులో ఎవరైనా చూసేలా ఉంచాయి. డెలోన్ దుకాణం చిత్రం తెరిచి, గోడకు తగిలించిన పనిముట్లలో ఎన్నింటికి మీ ఊరి కంసాలి తెలుగులో పేరు చెప్పగలడో అడిగి రాసుకోండి.